మేడ మీది గాలిమరకు చుట్ల మీటరు: నాలుగు నెలల వాడకం తర్వాత

బెంగళూరు కృష్ణరాజపురంలో మేము ఉంటున్న ఇంటి మేడ మీద మూడు రెక్కల చిన్న గాలిమర ఒకటి ఉంది. రెక్కలు గీసే వలయం వ్యాసం 1.2 మీటర్లు. ఇరుసుకు నేరుగా బిగించిన శాశ్వత అయస్కాంతాల ఆల్టర్నేటరు మూడు ఫేజుల కరెంటు పుట్టిస్తుంది. మెట్ల గదిలోని బ్రిడ్జి రెక్టిఫయరు దానిని డీసీగా మార్చి 12 వోల్టుల బ్యాటరీకి పంపుతుంది. మెట్ల దీపాలూ వైఫై రౌటరూ ఆ బ్యాటరీ మీదే నడుస్తాయి. ఈ గాలిమర నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలుసుకోవడానికి మే నెలాఖరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్ళి రెండు సాధనాలు కొన్నాను. ఒకటి, చేత్తో పట్టుకుని లేజరు చుక్క వేసి కొలిచే డిజిటల్ టాకోమీటరు. ధర 1,150 రూపాయలు. రెండవది, అయస్కాంతం ఎదుటికి రాగానే సంకేతం పంపే హాల్ సెన్సరుతో కలిపి అమ్మే, ఒకచోట బిగించి ఉంచే ప్యానెల్ మీటరు. ధర 620 రూపాయలు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే నైరుతి గాలి బలంగా వీచిన కాలమంతా, రెండింటినీ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇంటి గాలిమరకు చుట్ల మీటరు ఎందుకని చాలామంది అడుగుతారు. బ్యాటరీ నిండుతోందా లేదా అన్నది వోల్టుమీటరే చెబుతుంది కదా అన్నది వారి ప్రశ్న. నేనూ రెండేళ్ళపాటు అలాగే అనుకున్నాను. మే నెలలో ఒక సాయంత్రం వానకు ముందు వీచే ఈదురుగాలి లేచిన సమయంలో బ్యాటరీకి వెళ్ళే ఫ్యూజు కాలిపోయింది. ఆల్టర్నేటరు నుంచి కరెంటు తీసుకునేంత వరకే అది ఇరుసును వెనక్కి పట్టి ఉంచుతుంది. కరెంటుకు దారి మూసుకుపోతే ఆ పట్టు పోయి, రెక్కలు గాలి ఎంత తోస్తే అంత వేగం అందుకుంటాయి. రోజూ వినిపించే సన్నని ఊపిరి లాంటి చప్పుడు ఆనాడు ఈలగా మారి, తరువాత గోడలకు కూడా తెలిసేంత మోతగా మారింది. మూడు ఫేజుల తీగలను ఒకదానితో ఒకటి కలిపే బ్రేకు స్విచ్చు వేసి ఎలాగో ఆపాను. ఎంత వేగంగా తిరిగింది నాన్నా అని మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఎంత అవసరమో లెక్క వేస్తే తెలుస్తుంది. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న గాలిమర నిమిషానికి 600 చుట్లు తిరిగితే రెక్క కొస సెకనుకు సుమారు 38 మీటర్లు పరుగెత్తుతుంది. 1,000 చుట్లు తిరిగితే సెకనుకు సుమారు 63 మీటర్లు, అంటే గంటకు 226 కిలోమీటర్లు. రెక్కను మొదలు నుంచి పీకే బలం వేగంతో పాటు కాక వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక, 600 నుంచి 1,000కి వెళ్ళినప్పుడు బోల్టుల మీద పడే లాగుడు దాదాపు 2.8 రెట్లవుతుంది. పక్క మేడ మీద పిల్లలు ఆడుకునే చోట ఈ సంఖ్య తెలియకుండా గాలిమర నడపకూడదని నాకు ఆ సాయంత్రమే అనిపించింది.

ఎస్పీ రోడ్డు గురించి బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ పని చేసేవారికి చెప్పనక్కరలేదు. టౌన్‌హాల్‌కు దగ్గరగా, సిటీ మార్కెట్టు రద్దీని ఆనుకుని ఉన్న ఆ సందుల్లో రెసిస్టరు నుంచి మోటారు వరకు దొరకని వస్తువు అరుదు. నేను వెళ్ళిన దుకాణం కొలత పరికరాలు మాత్రమే అమ్మే చిన్న గది. కౌంటరులో ఉన్న యువకుడిది హిందూపురం. నేను కన్నడంలో మొదలుపెట్టగానే నా యాస పట్టుకుని, "సార్, మీరు అనంతపురం వైపేనా?" అని తెలుగులోకి వచ్చాడు. గాలిమర కోసం అని చెప్పగానే రామగిరి కొండల మీది పెద్ద గాలిమరలను తలచుకుని, "అంత పెద్దదానికి ఇది సరిపోదు సార్" అన్నాడు. మాది మనిషి చేతులు చాపినంత కూడా ఉండదని చెప్పిన తరువాత రెండు మూడు రకాలు తీసి పెట్టాడు. కొనకముందే పరీక్షించి చూడనివ్వడం ఆ దుకాణంలో నాకు బాగా నచ్చిన విషయం. కౌంటరు మీది టేబుల్ ఫ్యాను ఆపించి, ఒక రెక్కకు మెరిసే టేపు ముక్క అంటించి, పూర్తి వేగంలో తిప్పి లేజరు వేసి చూపించాడు. 1,318 వచ్చింది. తరువాత నేనే అడిగి టేపు తీయించి, నున్నగా మెరుస్తున్న రెక్కల మీదే నేరుగా లేజరు వేయించాను. ఈసారి 3,950 చూపించింది. మీటరు పాడవలేదు, మూడు రెక్కలూ వెలుగును తిప్పి కొట్టాయి కనుక ఒక చుట్టును మూడు చుట్లుగా లెక్కపెట్టింది. గాలిమర రెక్కల మీద లేజరు వేసి సంఖ్య చదివేవారు మొట్టమొదట పడే పొరపాటు ఇదే. మెరుపు ఒక్కచోటే ఉండాలి, దాని చుట్టుపక్కల అంతా మెరుపు లేని నలుపు ఉండాలి.

లేజరు టాకోమీటరు పెట్టె మీద 2.5 నుంచి 99,999 చుట్ల వరకు కొలుస్తుందని, పొరపాటు 0.05 శాతానికి ఒక అంకె కలిపినంతకు మించదని, 50 నుంచి 500 మిల్లీమీటర్ల దూరం నుంచి వాడాలని ఉంది. 600 చుట్ల దగ్గర ఆ పొరపాటు అర చుట్టు కూడా కాదు. పెట్టె మీది మాటను పరీక్షించడానికి ఇంట్లో కచ్చితమైన వేగంతో తిరిగే వస్తువు ఏముందా అని వెతికితే నాన్నగారి రికార్డు ప్లేయరు గుర్తుకు వచ్చింది. ఎల్పీ రికార్డు వేగం నిమిషానికి 33⅓ చుట్లు, అంటే మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు. పళ్ళెం అంచున టేపు ముక్క అంటించి నాన్నగారు గడియారం పట్టుకుని చుట్లు లెక్కపెట్టారు, నేను లేజరు పట్టుకున్నాను. మూడు నిమిషాలు పూర్తయ్యేసరికి ఆయన లెక్క నూరు దాటి ఇంకా కాస్త వచ్చింది. మీటరు మొదటి నుంచి చివరి వరకు 33.4 దగ్గర నిలబడింది. రెండూ కలిశాయి. ఈ ధరకు ఇంత నిక్కచ్చి కొలత దొరకడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. ఆఖరి సంఖ్య, గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకుని బటను నొక్కగానే చూపించే సౌకర్యం కూడా బాగా పని చేస్తుంది.

కాని ఆ నిక్కచ్చితనం మేడ మీదికి ఎక్కేసరికి అక్కరకు రాలేదు. గాలిమర స్తంభం మీద మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది, మీటరు అర మీటరుకు మించిన దూరం నుంచి పని చేయదు. నిచ్చెన వేసుకుని తిరుగుతున్న రెక్కలకు అర మీటరు దూరంలో చేయి పెట్టడం ఎవరూ ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. గాలి దిశ మారిన ప్రతిసారీ గాలిమర తల మొత్తం తోకతో పాటు తిరుగుతుంది, ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేము. స్తంభాన్ని మడత దగ్గర వంచి, తల నడుము ఎత్తుకు దించి, కదలకుండా కట్టి, వెనుక వైపు నుంచి ఇరుసు మీది టేపుకు లేజరు వేసి ఒకసారి కొలిచాను. అప్పుడు మిట్ట మధ్యాహ్నపు ఎండ టేపు మీద పడి సంఖ్య నిలవలేదు. మా అమ్మాయి గొడుగు పట్టి నీడ చేస్తే నిలిచింది. అలా నిలిచిన సంఖ్య కూడా ఆ ఒక్క క్షణానిదే. లేతు మెషీనో నీళ్ళ మోటారో అయితే ఒక వేగం దగ్గర నిలకడగా తిరుగుతుంది, ఒకసారి కొలిస్తే చాలు. గాలిమర వేగానికి నిలకడ లేదు, పది సెకన్లలో 150 నుంచి 350కి పోయి మళ్ళీ తగ్గుతుంది. గాలి లేచినప్పుడల్లా మేడ ఎక్కి కొలవడం సాధ్యమయ్యే పని కాదు. అందుచేత లేజరు మీటరును గాలిమర కోసమే కొనాలనుకునేవారికి అది సరైన ఎంపిక కాదని నా అభిప్రాయం.

మరి ఆ 1,150 రూపాయలు వృథా అయ్యాయా అంటే కాలేదు. గాలిమరను పూర్తిగా దించి, రెక్కలు విప్పి, ఆల్టర్నేటరును బల్ల మీద బిగించి, ఇరుసును డ్రిల్లు మెషీనుతో తిప్పిన రోజున లేజరు మీటరు విలువ తెలిసింది. డ్రిల్లు నెమ్మది వేగంలో లేజరు 412 చూపించింది. అదే సమయంలో రెక్టిఫయరుకు ముందు రెండు ఫేజుల మధ్య మల్టీమీటరును హెర్ట్జ్ మీద, అంటే కరెంటు పౌనఃపున్యాన్ని (సెకనుకు ఎన్ని ఆవర్తనాలో) కొలిచే చోట, పెడితే 41.2 వచ్చింది. వేగాన్ని, పౌనఃపున్యాన్ని కలిపే సూత్రం చాలా సరళమైనది. పౌనఃపున్యాన్ని 120తో గుణించి అయస్కాంత ధ్రువాల సంఖ్యతో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. నా సంఖ్యలను అందులో పెడితే ధ్రువాలు 12 అని తేలింది. అమ్మినవారు ఇచ్చిన కాగితంలో ధ్రువాల సంఖ్య లేదు, ఆల్టర్నేటరు విప్పకుండానే అది నాకు తెలిసిపోయింది. 12 ధ్రువాలు ఉన్న ఆల్టర్నేటరులో హెర్ట్జ్ సంఖ్యను పదితో గుణిస్తే అవే చుట్లు. ఇప్పుడు మెట్ల గదిలో నిలబడి మల్టీమీటరు పెట్టినా నాకు వేగం తెలుస్తుంది. హెర్ట్జ్ కొలిచే మల్టీమీటరు ఇప్పటికే ఉన్నవారు, ధ్రువాల సంఖ్య కూడా తెలిసినవారు ఏ మీటరూ కొనకుండా అక్కడితో ఆగిపోవచ్చు.

ఇక నాకు నిజంగా ఉపయోగపడిన వస్తువు హాల్ సెన్సరు ఉన్న ప్యానెల్ మీటరు. నాలుగు ఎర్ర అంకెల చిన్న డబ్బా, బోల్టులా మర చుట్లున్న వేలెడు గొట్టం లాంటి సెన్సరు, ఒక చిన్న అయస్కాంతం అందులో ఉంటాయి. 8 నుంచి 24 వోల్టుల మధ్య ఏ డీసీ మీదనైనా నడుస్తుంది కనుక గాలిమర బ్యాటరీకే నేరుగా కలిపాను. సెన్సరుకు మూడు తీగలు ఉంటాయి. గోధుమ రంగు ప్లస్సుకు, నీలం మైనస్సుకు, నలుపు సంకేతానికి. అయస్కాంతం సెన్సరు ముందు నుంచి దాటిన ప్రతిసారీ ఒక చుట్టు లెక్కకు వస్తుంది. బిగించిన మొదటి రోజు మీటరు సున్నా దాటలేదు. సెన్సరు పాడైందనుకుని దుకాణానికి తిరిగి తీసుకువెళ్ళాను. కౌంటరులోని ఆ యువకుడు విసుక్కోకుండా నా చేతిలోని అయస్కాంతాన్ని తీసుకుని రెండో వైపుకు తిప్పి సెన్సరు ముందు పెట్టాడు. సెన్సరు వెనుక ఎర్ర దీపం వెలిగింది. ఈ రకం సెన్సరు దక్షిణ ధ్రువానికి మాత్రమే స్పందిస్తుందని, ఉత్తర ధ్రువం ఎదుట పెడితే ఎంత దగ్గరగా ఉన్నా పట్టించుకోదని చెప్పాడు. పెట్టెలో ఉన్న కాగితం మీద ఈ ముక్క ఎక్కడా లేదు. కొన్నవారంతా దీని దగ్గర ఒక రోజు పోగొట్టుకునే అవకాశం ఉంది కనుక, తయారీదారు చేసిన ఈ లోపాన్ని నేను చిన్నదిగా చూడలేను.

అదే గుణం మరోచోట నాకు మేలు చేసింది. రెక్కలు బిగించి ఉన్న మధ్య భాగానికి, అంటే తిరిగే హబ్బుకు, ఒక వైపు మాత్రమే అయస్కాంతం అంటిస్తే ఆ కొద్ది బరువుకే సమతూకం తప్పుతుంది, వేగం పెరిగేకొద్దీ స్తంభం వణుకుతుంది. అందుకని ఎదుటి వైపు సరిగ్గా అదే బరువున్న అయస్కాంతాన్ని ఉత్తర ధ్రువం బయటికి ఉండేలా అంటించాను. బరువు సరిపోయింది, లెక్కలో మాత్రం అది చేరదు. సెన్సరుకూ అయస్కాంతానికీ మధ్య 5 మిల్లీమీటర్ల ఎడం ఉంచాను. సెన్సరును ఆల్టర్నేటరు ఒంటికి మరీ దగ్గరగా పెడితే లోపలి అయస్కాంతాల ప్రభావం దానికి తగులుతుంది, హబ్బు ముందు వైపుకు జరిపితే ఆ ఇబ్బంది తీరుతుంది. అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టింది తీగ. స్తంభం లోపల నుంచి మెట్ల గది వరకు 12 మీటర్ల మామూలు తీగను ఫేజు తీగల పక్కనే లాగినప్పుడు, గాలి పెరిగినప్పుడల్లా మీటరు 300 నుంచి ఒక్కసారిగా 2,000కి ఎగిరి తిరిగి దిగేది. ఫేజు తీగల నుంచి సంకేతపు తీగలోకి చొరబడే అలజడి దానికి కారణం. పైన లోహపు జాలి ఉన్న షీల్డు తీగ వేసి, జాలిని కింది కొసలో మైనస్సుకు కలిపి, మీటరు దగ్గర ప్లస్సుకూ నలుపు తీగకూ మధ్య 4.7 కిలో ఓముల రెసిస్టరు పెట్టిన తరువాత ఎగరడం ఆగిపోయింది. ఆ 12 మీటర్ల తీగకు మీటరు పొడవుకు 40 రూపాయల చొప్పున 480 రూపాయలు వేరే ఖర్చయింది, అంటే ప్యానెల్ మీటరు ధరలో దాదాపు ముప్పావు వంతు. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది.

అమర్చిన తరువాత ఆ ఎర్ర అంకెలు మా ఇంట్లో అలవాటైపోయాయి. మెట్లు ఎక్కే ప్రతి మనిషీ వాటి వంక చూస్తారు. బ్యాటరీలోకి కరెంటు మొదలయ్యేది 210 చుట్ల దగ్గర అని రెండు రోజుల్లో తెలిసింది. చేతి గాలిమీటరు సెకనుకు 5 మీటర్లు చూపినప్పుడు చుట్లు 320 ఉంటాయని, అంటే రెక్క కొస గాలి కంటే నాలుగు రెట్లు మాత్రమే వేగంగా పోతోందని లెక్క తేలింది. ఇలాంటి మూడు రెక్కల మరలు అయిదారు రెట్లలో బాగా పని చేస్తాయి కనుక, ఆ గాలిలో నా బ్యాటరీ రెక్కలను కావలసిన దానికంటే ఎక్కువగా పట్టి ఉంచుతోందని అర్థం. రెండేళ్ళు వోల్టుమీటరు ముందు కూర్చున్నా నాకు ఈ సంగతి తెలియలేదు.

మీటరు తన ధరను పూర్తిగా తిరిగి ఇచ్చింది మాత్రం ఆగస్టులో. ఆ ఉదయం గాలి బాగానే వీస్తోంది, కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి, గాలిమర కూడా తిరుగుతోంది. కింద నుంచి చూస్తే ఏ తేడా లేదు. కాని మీటరు 90 దాటడం లేదు. ముందు బేరింగు పట్టేసిందేమోనని భయపడ్డాను. బ్రేకు స్విచ్చు వేసి ఆపి, రెక్టిఫయరు నుంచి మూడు ఫేజుల తీగలు విప్పి, గాలి కాస్త తగ్గిన సమయం చూసి కొన్ని క్షణాలు వదిలితే చుట్లు చకచకా 400కి చేరాయి. వెంటనే మళ్ళీ బ్రేకు వేశాను. తీగలు విప్పితే స్వేచ్ఛగా తిరిగి, కలిపితే ఈడుస్తున్నదంటే లోపం ఇరుసులో లేదు, కరెంటు దారిలో ఉంది. రెక్టిఫయరులో కరెంటును ఒకే వైపుకు పోనివ్వాల్సిన డయోడు ఒకటి షార్టయి, రెండు వైపులా పోనిస్తోంది. అది ఫేజు కరెంటును తనలోనే తిప్పుకుంటూ, బ్రేకు స్విచ్చు చేసే పనినే సగం సగంగా చేస్తోంది. మీటరు లేకపోతే బ్యాటరీ ఎందుకు నిండడం లేదా అని వారాలు వెతికేవాడిని, ఆలోగా ఆల్టర్నేటరు తీగ చుట్టలు వేడికి మాడిపోయేవి.

ఈ ప్యానెల్ మీటరులో పెద్ద లోటు ఒకటి ఉంది. దానికి జ్ఞాపకం లేదు. రాత్రి ఎంత వేగం వెళ్ళిందో ఉదయం చెప్పలేదు, నాకు మొదట పుట్టిన ప్రశ్నే అది. దానికి జవాబు ఎస్పీ రోడ్డులో కాక సైకిళ్ళ దుకాణంలో దొరికింది. సైకిలు స్పీడోమీటరు కూడా చక్రానికి కట్టిన అయస్కాంతాన్ని లెక్కపెట్టే సాధనమే, గరిష్ఠ వేగాన్ని అది దాచి ఉంచుతుంది. చక్రం చుట్టుకొలత అడిగినప్పుడు 1,667 మిల్లీమీటర్లు అని ఇస్తే, గంటకు కిలోమీటర్లుగా అది చూపించే సంఖ్యను పదితో గుణిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. ఎందుకంటే నిమిషానికి ఒక చుట్టు చొప్పున గంటలో 60 చుట్లు, 60 చుట్లకు 100 మీటర్లు, అంటే కిలోమీటరులో పదో వంతు. 350 రూపాయల ఆ మీటరు ఆషాఢమంతా గాలిని చూసి 61.3 అని రాసిపెట్టింది. మా గాలిమర ఈ ఏడాది లోడు మీద, అంటే బ్యాటరీకి కరెంటు ఇస్తూ, అందుకున్న అత్యధిక వేగం 613 చుట్లు. మా అమ్మాయికి ఆలస్యంగానైనా ఒక సంఖ్య చెప్పగలిగాను. దాని తెర 99.9 దగ్గర ఆగిపోతుంది కనుక 999 చుట్లకు మించితే పనికిరాదు, అంతకు మించిన వేగం నా మరకు ఎటూ రాకూడదు.

కొనదలచుకున్నవారికి నా సలహా సూటిగా చెబుతాను. ఒక్కటే కొనగలిగితే హాల్ సెన్సరు మీటరు కొనండి, కొనేటప్పుడే షీల్డు తీగ, 4.7 కిలో ఓముల రెసిస్టరు, ఒకే బరువున్న రెండు అయస్కాంతాలు కలిపి తీసుకోండి. గరిష్ఠ వేగం తెలుసుకోవాలంటే పక్కనే సైకిలు మీటరు పెట్టండి. లేజరు మీటరును మీరొక్కరే కొనకుండా, గాలిమర ఉన్న మిత్రులు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు, ఎందుకంటే మిగిలిన మీటర్లు నిజం చెబుతున్నాయా అని సరిచూసుకునే రోజునే దానితో పని పడుతుంది. దుకాణానికి వెళ్ళినప్పుడు సెన్సరును అక్కడే 12 వోల్టులకు కలిపించి, అయస్కాంతం రెండు వైపులా తిప్పి, ఏ ముఖానికి దీపం వెలిగిందో ఆ ముఖం మీద పెన్నుతో చుక్క పెట్టించుకుని ఇంటికి తెచ్చుకోండి.